అద్దం ఎక్కిన రోజు

పైడయ్య రబ్బరు పట్టీని వేడినీళ్ళ బకెట్లోంచి తీసి, తువ్వాలుతో తుడిచి, కారు ముందద్దం చుట్టూ తొడగడం మొదలుపెట్టాడు. గాజువాకలో అతని రేకుల షెడ్డు ముందు పొద్దుటి ఎండ గంటన్నర మాత్రం నిలుస్తుంది. ఆ గంటన్నరలోనే రబ్బరు మాట వింటుంది. ఆ తరవాత దానికీ పైడయ్యకీ మొండితనంలో తేడా ఉండదు.

అరవై నాలుగేళ్ళ మనిషి. పొట్టిగా, దిట్టంగా ఉంటాడు. స్పానర్లు పట్టీ పట్టీ బొటనవేళ్ళు రెండూ పక్కకి వంగిపోయాయి. పదహారో ఏట పద్మనాభం దగ్గరి పల్లె నుంచి వచ్చి పోర్టు లారీల కింద దూరాడు. ఇప్పటికీ పూర్తిగా బయటికి రాలేదని భార్య గౌరీశ్వరి వేళాకోళం చేస్తుంది. ఎన్ని బళ్ళు బాగుచేశాడో అతనికే లెక్క తెలీదు. సొంతానికి మాత్రం ఒక సైకిలుంది.

షెడ్డులో ఉన్నది శ్రీరామ్మూర్తి గారి పాత అంబాసిడర్. స్టీల్ ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన పెద్దాయన ఆయన. ఇంజను, తలుపులు, సీట్లు అన్నీ అయ్యాయి. ముందు అద్దం ఒక్కటే మిగిలింది. నెల కిందట దాన్ని ఎక్కిస్తుంటే ఎడమ పై మూలలో రబ్బరు మొరాయించింది. పైడయ్య అరచేత్తో ఒక్కటి వేశాడు. అద్దమంతా మరమరాల్లా రాలిపోయింది. అతని చేతిలో అద్దం పగలడం అదే మొదలు. శ్రీరామ్మూర్తి గారు ముక్కలు ఏరడానికి తనూ వంగారు. తిట్టినా బాగుండేది. ఆయన ఊళ్ళన్నీ గాలించి ఈ రెండో అద్దం తెచ్చారు. మూడోది దొరికే ఆశ లేదు.

చేతులు ముసలివైపోయాయని పైడయ్య తనకి తనే తీర్పు చెప్పేసుకున్నాడు. ఇదీ పగిలితే షెడ్డుకి తాళం వేసి తాళంచెవి తెచ్చిచ్చేస్తానని పొద్దున గౌరీశ్వరితో అన్నాడు. దాన్ని పెట్టుకోడానికి ఇంట్లో చోటు లేదు, ముందు ఇడ్లీ తినమంది ఆవిడ.

రంగులు వేసే వీరన్న ఆవిడ అన్నగారు. ముప్ఫయ్యేళ్ళుగా బావగార్లిద్దరిదీ ఒకే షెడ్డు. చేపల రేవులో కొన్న సన్నటి నైలాను తాడుని రబ్బరు గాడిలో చుట్టూరా పెట్టి, కొసలు బండి లోపలికి వదిలారు. వీరన్న బయట నిలబడి అద్దాన్ని అదిమి పట్టుకున్నాడు. పైడయ్య లోపల కూర్చుని, సబ్బునీళ్ళు రాస్తూ తాడు లాగుతున్నాడు. లాగిన కొద్దీ రబ్బరు అంచు బండి రేకు అంచు మీదికి ఎక్కుతోంది. కింద అయింది, కుడిపక్క అయింది, పైన కూడా అయింది. ఎడమ పై మూలకి రాగానే ఆగిపోయింది.

పైడయ్య చెయ్యి దానంతటదే పైకి లేచింది. బయట వీరన్న కళ్ళు మూసేసుకున్నాడు.

దెబ్బ పడలేదు. పైడయ్య చెయ్యి దించి, బొటనవేలి గోటితో ఆ మూల రేకు అంచు తడిమాడు. మళ్ళీ తడిమాడు. అంచు రూపాయి బిళ్ళంత మందంగా తగిలింది.

"అద్దం దింపు బావా," అన్నాడు. "ఈ మూల ఎన్ని కోటింగులేసినావు?"

వీరన్న కాస్త నసిగాడు. తుప్పు తినేసి అతుకు వేసిన మూల అది. సముద్రం ఉప్పుగాలికి మళ్ళీ ఎక్కడ పోతుందోనని ఓ నాలుగు కోటింగులు ఎక్కువ వేశానన్నాడు.

"నువ్వే కదా బావా, పక్కన నిలబడి ఇంకోటెయ్, ఇంకోటెయ్ అన్నావు."

నిజమే, అన్నాడు పైడయ్య. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా సేతులకేటీ అవ్వలేదు బావా."

అంత సంతోషం అతనికి పెళ్ళినాడు కూడా కలగలేదు. పెళ్ళికూతురు వీరన్న చెల్లెలు కాబట్టి ఆ సంగతి పైకి అనలేదు.

ఇద్దరూ గరుకుకాగితం పట్టుకుని, బండి మీద ఒకరి ప్రేమని ఒకరు ఎత్తిపొడుచుకుంటూ ఆ కోటింగులన్నీ గీకేశారు. ఒక్కటంటే ఒక్క పల్చటి పూత వేసి ఆరబెట్టారు. అప్పటికి షెడ్డు ముందు ఎండ ఎప్పుడో పోయింది. రబ్బరుకి మళ్ళీ వేడినీళ్ళ స్నానం చేయించారు. మధ్యాహ్నం మూడింటికి పైడయ్య తాడు లాగితే, ఆ మూల మీంచి రబ్బరు అలవోకగా దాటిపోయింది. వీరన్న అద్దం మీంచి చేతులు తియ్యడానికి ఇంకో పది నిమిషాలు జంకాడు.

సాయంత్రం శ్రీరామ్మూర్తి గారు ఆటో దిగారు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఎడమ పై మూల దగ్గర ఆగి, వేలితో ముట్టుకున్నారు. పైడయ్య చెయ్యి పట్టుకున్నారు. తరవాత తలుపు తీసుకుని ఎక్కి కూర్చుని, ఆ అద్దంలోంచి రోడ్డుని చాలాసేపు చూశారు. బండి మెల్లగా కదిలింది. ఒకసారి హారన్ మోగించి, లారీల మధ్యన కలిసిపోయింది.

బకెట్ తియ్యబోతూ పైడయ్య ఆగిపోయాడు. వీరన్న అటు చూసి నవ్వాపుకోలేక ఫోను తీశాడు.

"ఫోను సెయ్యకు బావా," అన్నాడు పైడయ్య. "రేపు ఆయనే వస్తాడు. నాను షెడ్డు తీసే ఉంచుతాను."

ఇందాక డ్రైవరు తలుపు ఉన్న చోట, గుడిమెట్ల ముందు విడిచినట్టు, శ్రీరామ్మూర్తి గారి అరిగిన తోలుచెప్పులు రెండూ పక్కపక్కనే పొందిగ్గా ఉన్నాయి.