గొంతు తెలిస్తే చాలదా

ఫోటో పంపమని ముగ్గురిలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పాతికేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కాల్స్ కలిపిన మనుషులకి మొహాలతో పనేమిటని వాళ్ళ ధీమా. ఒకావిడ తన ఊళ్ళో నాలుగో నంబరు సీటు. మిగతా ఇద్దరూ నగరంలో తొమ్మిది, పన్నెండు. ట్రంకు కాల్ కలిపే మధ్యలో దొరికిన అరనిమిషంలోనే పురుళ్ళూ, పెళ్ళిళ్ళూ, అత్తగార్ల ఆగడాలూ అన్నీ చెప్పేసుకున్నారు. ఉద్యోగాలు అయిపోయినా ఆ జబ్బు వదల్లేదు. రోజూ పొద్దున్నే ముగ్గురూ ఒకే లైన్లో చేరి వాగాల్సిందే. ఈవిడ మాత్రం వాళ్ళిద్దరినీ ఏనాడూ కళ్ళతో చూడలేదు.

నాలుగో నంబరావిడకి భర్త పోయి రెండేళ్ళయింది. పిల్లల్లేరు. వంట చేసి, "ఉప్పు సరిపోయిందా?" అని అలవాటుకొద్దీ అడిగేసి నాలిక్కరుచుకునే బతుకు. నెల క్రితం తొమ్మిదో నంబరు మాటల మధ్యలో తన మేడమీద గది ఖాళీ అయిందని చెప్పింది. అంతే, ఈవిడకి నిద్రపడితే ఒట్టు. ఆ గది తనకి అద్దెకివ్వమని అడగాలి. అలాంటిది ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని అడగాలని రైలెక్కింది. దారి పొడుగునా ఆ ఒక్క మాటే లోపల చెప్పుకుంటూ కూర్చుంది.

దిగాక చూడాలి చోద్యం. గడియారం కింద నిలబడమన్నారు, నిలబడింది. పక్కనే ఓ లావుపాటావిడ, చేతికర్రతో ఇంకో ఆవిడ. గొంతు వినపడకపోతుందా అని ముగ్గురూ చెవులు రిక్కించుకుని, నోరు మాత్రం విప్పకుండా అరగంట నిలబడ్డారు. చేతిలో సెల్లు ఉందన్న ధ్యాసే లేదు, ఏం తెలివితేటలో! చివరికి ఈవిడ, "కాస్త జరుగుతారా, పెట్టె పెట్టుకుంటాను," అనేసరికి ఆ ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నాలుగా?" అంది లావుపాటావిడ. అచ్చం తొమ్మిదో నంబరు గొంతు.

నవ్వుకున్నారు. ఆ ముచ్చట స్టేషన్ గేటు దాకానే. తొమ్మిదో నంబరు ఇంట్లో కుర్చీల్లో కూర్చున్నాక ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. ఫోన్లో "ఏమే, చచ్చావా బతికావా" అనే మనిషి, "టీ తీసుకోండి," అంది. "ప్రయాణం బాగా జరిగిందాండీ?" అని చేతికర్రావిడ, అంటే పన్నెండో నంబరు. ఆ గొంతుకి ఇన్నేళ్ళూ ఈవిడ సన్నగా, చలాకీగా ఉండే ఓ పిల్లని ఊహించి పెట్టుకుంది. ఈ ముసలావిడెవరో తనకి తెలియదు. వాళ్ళకీ అలాగే ఉందేమో, చూపు నిలపలేక గోడకేసి చూస్తున్నారు.

మేడమీద గది కూడా చూపించారు. కిటికీ, కొళాయి, బట్టలు తగిలించే కొక్కెం. అడుగుదామని నోరు తెరిచింది. "గాలి బాగా వస్తోందండీ," అని ఊరుకుంది. ఇంత దూరం వచ్చి పరాయి ఇంట్లో పడ్డట్టు ఏడుపొచ్చింది. రెండ్రోజులు ఉందామని వచ్చిన మనిషి, ఏదో పనుందని అబద్ధం చెప్పి ఆ సాయంత్రం బండికే బయల్దేరింది.

బండి కదిలిందో లేదో ఫోన్ మోగింది.

"ఏమే, సీటు దొరికిందా?" తొమ్మిదో నంబరు.

ఈవిడకి ప్రాణం లేచొచ్చింది. "దొరికింది గానీ, అది టీయా, వేణ్ణీళ్ళా?"

"మరి రెండు కప్పులు ఎలా లాగించావే?" పన్నెండో నంబరు కూడా లైన్లోకి వచ్చేసింది. పావుగంటసేపు ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ఆ ఊపులోనే అడిగేసింది. "ఆ గది నాకిస్తావా? ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నానే."

పన్నెండో నంబరు మెల్లగా ఫోన్ పెట్టేసింది.

"పన్నెండు నా పక్కింట్లోనే ఉంటోంది, మూడేళ్ళుగా," అంది తొమ్మిదో నంబరు. "నీకు చెప్పడానికి సిగ్గేసింది. ఎదురుపడితే మాకు ఒక్క ముక్క పెగలదు. గోడకి ఇవతల నేను, అవతల అది. ఫోన్లోనే మాట్లాడుకుంటాం. అదీ నువ్వు లైన్లో ఉంటేనే. నువ్వు కూడా ఇక్కడికొచ్చేస్తే మేమిద్దరం ఎవరితో మాట్లాడాలే?"

ఈవిడ పైట చెంగుతో మొహం తుడుచుకుంది.

"సరేలేవే," అంది. "ముందు దాన్ని కలుపు."