ఉప్పు తినని కారు

పాత కార్వెట్ స్పోర్ట్స్ కారు కొనడానికి వెళ్లేవాళ్లలో సగం మంది జేబులో అయస్కాంతం వేసుకుని వెళ్తారు. తుప్పు పట్టిన చోట పుట్టీ పూసి పైన రంగు కొట్టేస్తే, అక్కడ అయస్కాంతం అంటుకోదని ఎవరో చెప్పి ఉంటారు. కార్వెట్ ఒళ్లంతా ఫైబరే కదా, ఎక్కడ పెట్టినా అంటుకోదు. ఆ మాత్రం తెలిసినవాళ్లేమో ఇంకో గోతిలో పడతారు. ఫైబర్‌కి తుప్పు పట్టదు కాబట్టి కారుకే తుప్పు పట్టదని చంకలు గుద్దుకుంటారు. నాయనా, పైన కనిపించేది చొక్కా. లోపల ఎముకలన్నీ ఇనుమే. కింద బరువంతా మోసే ఛాసిస్ ఇనుము, ముందు అద్దం చుట్టూ తలుపుల చుట్టూ ఉండే పంజరం ఇనుము. మా ఒహాయో రాష్ట్రంలో చలికాలమంతా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు సందుల్లోకి దూరి ఇనుమును లోపలినుంచి తినేస్తాయి. పైన చొక్కా మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

నా పేరు ఎల్డన్. నలభై రెండేళ్లుగా గ్యారేజీ నడుపుతున్నాను. చుట్టుపక్కల ఎవరు పాత కారు కొనాలన్నా ముందు నన్ను తీసుకెళ్తారు. నా దగ్గర పెద్ద సరంజామా ఏమీ ఉండదు. చిన్న సుత్తి పట్టుకుని కారు కింద దూరతాను. ఛాసిస్ మీద జానెడు దూరానికో దెబ్బ కొట్టి వింటాను. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చిన ఇనుము దబ్బుమంటుంది. ఆరేళ్లుగా నా సుత్తి కింద ఒక్క కారు కూడా నెగ్గలేదు. ఊళ్లో నాకు 'వద్దు ఎల్డన్' అని పేరు పెట్టారు. ఆ పేరు విని లోలోపల మురిసిపోయేవాణ్ని కూడా.

మా అమ్మాయి మార్లాకి నలభై మూడేళ్లు. మా జిల్లా రోడ్ల శాఖలో ఉప్పు లారీ నడుపుతుంది. చలికాలం పొడుగునా అది రోడ్ల మీద ఉప్పు చల్లుతుంది, వేసవి పొడుగునా ఆ ఉప్పు తిన్న కార్లు నా షెడ్డుకొస్తాయి. నా వ్యాపారానికి అసలు భాగస్వామివి నువ్వేనే అని ఏడిపిస్తూ ఉంటాను. ఆ లారీ గంటకి పాతిక మైళ్లు మించి పోదు. తొమ్మిదేళ్లుగా క్రిస్మస్ రోజున కూడా సెలవు పెట్టకుండా డ్యూటీ చేసి, ఆ జీతమంతా అది ఒకే ఒక్క కోరిక కోసం పక్కన పెట్టింది. టాపు తీసేసి దక్షిణానికి, అసలు మంచే పడని ఊళ్ల దాకా, కార్వెట్‌లో వెళ్లాలట.

దాని కోసం ఇంతకు ముందు రెండు కార్లు చూశాను, రెండూ వద్దన్నాను. ఈ ఏప్రిల్లో మూడోది దొరికింది. 1966 మోడల్, నీలం రంగు. చూడ్డానికి బయల్దేరేటప్పుడు పికప్‌లో కూర్చుని నెమ్మదిగా ఒక మాట చెప్పింది. "నాన్నా, నువ్వు వద్దంటే ఎదురు చెప్పకుండా వెనక్కి వచ్చేస్తాను. కానీ ఇదే ఆఖరు. ఇక ఈ కోరిక మానేస్తాను."

మానేస్తే మంచిదే అన్నాను. నా నోరు అలాంటిది.

అమ్మే మనిషి పేరు క్లెటస్. ఎనభై ఒక్కేళ్ల రిటైరైన మంగలి. ఇంటి వెనక కొట్టంలో కారుని దుప్పటి కప్పి పెట్టుకున్నాడు. ఎందుకమ్ముతున్నారని అడిగితే, ఇందులో కూర్చోవడానికి ఇబ్బంది లేదు బాబూ, లేవాలంటేనే ఇద్దరు మనుషులు కావాల్సొస్తోంది అన్నాడు. మనిషి నాకు నచ్చాడు. నచ్చిన మనుషుల దగ్గరే ఎక్కువ మోసపోతారు కాబట్టి ఇంకా మొహం ముడుచుకున్నాను.

ముందు నంబర్లు చూశాను. ముందు సీటు ఎదురుగా, సామాన్ల అర కింద రివెట్లు కొట్టిన రేకు మీద కారు నంబరు ఉంటుంది. ఇంజన్‌కి ముందు కుడిపక్కన చదునైన చోట ఇంజన్ నంబరు ఉంటుంది. ఆ రెండూ ఒకే కారువైతే కార్ల పిచ్చివాళ్లు ఎగబడి కొంటారు. కాకపోతే మొహం కూడా చూడరు. వీటికి పొంతన లేదు. క్లెటస్ దాచలేదు. డెబ్బై నాలుగులో జాతరకి వెళ్తుంటే అసలు ఇంజన్ పగిలిపోయిందనీ, ఇది వేరే కారుదనీ తనే చెప్పాడు. ఆ కారణంగానే కారు ధర ఉప్పు లారీ డ్రైవరుకు అందుబాటులోకి వచ్చింది. మార్లాకి అద్దాల షోకేసులో పెట్టుకునే కారు అక్కర్లేదు. ఆ నంబరు సంగతి నేను పట్టించుకోలేదు.

తర్వాత డ్రైవరు కాళ్లు పెట్టుకునే చోట పక్క పలకలు విప్పించాను. పంజరం మొదట కుళ్లేది అక్కడే. టార్చి వేసి, వేళ్లు పెట్టి తడిమాను. పొడిగా ఉంది. ఎర్రటి పొడి రాలలేదు. చక్రాల మీది రెక్కల లోపలివైపు చూస్తే కంపెనీవాళ్లు అతికించిన పట్టీలు అలాగే ఉన్నాయి, అంటే కారు ఎప్పుడూ గట్టిగా గుద్దుకోలేదు. మార్లా మొహంలో కాస్త వెలుగొచ్చింది. నేను చూడనట్టు నటించాను.

ఇంజన్ స్టార్టు చేయించాను. మెత్తగా ఉంది. మార్లా ఏదో అంది. ఈ మధ్య అందరూ నోట్లో గొణుక్కునేవాళ్లే. మా ఆవిడ ఫెర్న్ కూడా అంతే. ఏంటే అన్నాను. ఇంజన్ లోపల ట్యాపెట్ టిక్కుటిక్కుమంటోందని గట్టిగా అంది. ఏ టిక్కూ లేదు, నోర్మూసుకుని చూడు అన్నాను. అది నోరు మూసుకుంది.

జాకీతో లేపి నాలుగు స్టాండ్లు పెట్టాం. సుత్తి తీసుకుని వెల్లకిలా కింద దూరాను. ఛాసిస్ కుడి దూలం ముందు భాగం కొట్టాను. దబ్బు. జానెడు వెనక్కి జరిగి కొట్టాను. దబ్బు. ఎడమవైపు కూడా అదే. బాగుందని చెప్పేద్దామా అనిపించింది ఒక్క క్షణం. అంత కఠినుణ్ని కాను నేను. అబద్ధమాడితే ఏమవుతుందో కూడా తెలుసు. డెబ్బై మైళ్ల వేగంలో ఛాసిస్ విరిగితే మా అమ్మాయి శవాన్ని నేనే వెళ్లి పోల్చుకోవాల్సి వస్తుంది.

వద్దమ్మా, పుచ్చిపోయింది అని కింది నుంచే అరిచాను.

తర్వాత మార్లా మోకాళ్ల మీద కూర్చుని, నా పక్కకి పాక్కుంటూ వచ్చి వెల్లకిలా పడుకుంది. ఎదురు చెప్పనన్న మనిషి కదా, ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ఇంకోసారి కొట్టు నాన్నా."

కొట్టాను.

"ఖంగుమంటోంది కదా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆశ ఉంటే చెవులు కూడా అబద్ధమాడతాయి అన్నాను. నలభై రెండేళ్ల నుంచి వింటున్న నాకు నువ్వు చెప్తున్నావా అన్నాను. బయటి నుంచి క్లెటస్ వంగి, తనకీ మోగినట్టే వినిపించిందన్నాడు. అమ్మేవాడికి మోగక ఏమవుతుంది, మీరు ఊరుకోండి అని ఆయన మీదా ఎగిరాను. పెద్దాయన కాఫీ పెడతానంటూ ఇంట్లోకి వెళ్లిపోయాడు.

మార్లా వాదించలేదు. నా పెట్టెలోంచి పెద్ద స్క్రూడ్రైవర్ తీసి, నేను కొట్టిన చోటే మొన పెట్టి, రెండు చేతులతో పళ్లు బిగించి పొడిచింది. నేనూ పొడిచాను. వెంట్రుక మందం కూడా దిగలేదు. పుచ్చిన ఇనుమైతే అట్టముక్కలా చిరగాలి. పక్కన పొడిచాం. దాని పక్కన పొడిచాం. ఎక్కడా దిగలేదు. ఇనుము పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

అప్పుడు మార్లా సుత్తి తీసుకుని తనే కొట్టింది. నా చెవికి దబ్బు. నేను ఏమనుకున్నానో తెలియదు, అరచెయ్యి తీసుకెళ్లి ఆ ఇనుము మీద పెట్టాను. మళ్లీ కొట్టింది. చెయ్యంతా జివ్వుమంది. మోచేతి దాకా పాకింది ఆ మోత. నా చెవిలో మాత్రం లేదు.

నలభై రెండేళ్లు చెవులు హోరెత్తించే గాలి రెంచీలతో బోల్టులు విప్పాను. చెవుల్లో దూది పెట్టుకోవడం ఆడంగితనమని నవ్వేవాణ్ని. మా వృత్తిలో అందరం అంతే. సన్నటి శబ్దాలు ముందు పోతాయట, లావువి మిగుల్తాయట. ఖంగుమనేది పోయింది, దబ్బుమనేది మిగిలింది. అందుకే ఆరేళ్లుగా నాకు అన్ని కార్లూ పుచ్చిపోయాయి. నా మాట నమ్మి ఎంతమంది మంచి కార్లు వదులుకుని మొహం వేలాడేసుకుని ఇంటికెళ్లారో. మార్లాకి చూసిన మొదటి రెండు కార్లు కూడా వాటిలో ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. మొహం దాచుకోవడానికి అక్కడ కారు తప్ప ఏమీ లేదు.

"ఎప్పటి నుంచి?" అంది మార్లా, మొహం నా వైపు తిప్పి.

తెలీదు అన్నాను. మీ అమ్మ టీవీ తగ్గించమని చాలా ఏళ్ల నుంచి పోట్లాడుతోంది, దాన్ని బట్టి లెక్క చూసుకో అన్నాను. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ క్షణంలో అది బయటికి వెళ్లి బేరం ఖాయం చేసుకోవచ్చు. తప్పు నాదని తేలిపోయింది, అడ్డం చెప్పే మొహం నాకు లేదు. కానీ అది వెళ్లలేదు. వీపు మీద జరుగుతూ, జానెడు జానెడు దూరంలో సుత్తితో కొట్టుకుంటూ వెనక్కి పోయింది. నేను దాని వెంట చెయ్యి పెట్టుకుంటూ జరిగాను. ఎడమ వెనక చక్రం ముందు ఛాసిస్ పైకి వంగే చోట ఆగింది. మళ్లీ కొట్టింది. తల వంచి వింది.

"ఇక్కడ మోగడం లేదు నాన్నా."

నాకైతే అక్కడా అంతకు ముందూ ఒకేలా ఉంది. అది స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచింది. కసుక్కున లోపలికి దిగిపోయింది. ఎర్రటి పొడి దాని కళ్లద్దాల మీద పడింది. అరచేతి వెడల్పున పుచ్చు.

నేను దాని మొహం వైపే చూశాను. చెప్పకుండా జరిగిపోయి ఉంటే నాకు ఈ జన్మలో తెలిసేది కాదు. తొమ్మిదేళ్ల కోరిక చేతికందిన నిమిషంలో, తన కారులో పుచ్చుని తనే వెతికి బయటపెట్టింది. అంత నిక్కచ్చిగా కారు చూసే మనిషిని నేను ఎక్కడా చూడలేదు, అద్దంలో కూడా.

ఒక సంగతి చెప్పాలి. పంతొమ్మిదేళ్లప్పుడు అది నా గ్యారేజీలో పని నేర్చుకుంటానని వచ్చింది. ఈ పనికి చెవి ఉండాలి, నీకు లేదు పొమ్మన్నాను. అది అబద్ధం. ఆడపిల్లని పెట్టుకుంటే తోటివాళ్లు నవ్వుతారని నా భయం. నా మాటే నిజమనుకుని అది వెళ్లి లారీ ఎక్కింది.

మిగతా ఛాసిస్ అంతా అది కొట్టి చూసింది. ఇంకెక్కడా తేడా లేదంది. అప్పుడు అడిగింది, ఆ వంపు దగ్గర పుచ్చు సంగతేంటని. నా తీర్పు కోసం ఇంకా ఎదురుచూస్తోంది పిచ్చిది.

"కొను" అన్నాను. "ఆ ముక్క కోసేసి కొత్తది వెల్డింగ్ చెయ్యొచ్చు. అంతవరకు దీన్ని నడపకూడదు, ట్రైలర్ మీద తీసుకెళ్దాం."

అది కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పొడి పడిందని అనుకోమన్నట్టు తుడుచుకుంది.

"వెల్డింగ్ నేను చెయ్యను" అన్నాను. "నువ్వు చేస్తావు. నా షెడ్డులో. నేను పక్కన నిలబడి చెప్తాను. తర్వాత శనివారాలు ఖాళీయేనా నీకు? నేను వద్దన్న కార్లు ఇంకా అమ్ముడుపోకుండా ఉన్నవి కొన్ని ఉంటాయి. తిరిగి చూడాలి. వాళ్లందరికీ ఫోన్ చేసి తప్పు ఒప్పుకోవాలి. నాకు చెవులు కావాలి అమ్మడూ. అప్పుడు నీకు చెవి లేదన్నాను చూడు, అది అబద్ధం. జనం నవ్వుతారని భయపడ్డాను, అంతే."

కారు కింద మా ఇద్దరి మొహాల మధ్య జానెడు కూడా లేదు. అది పైనున్న ఇనుము మీద ఒకసారి అరచెయ్యి పెట్టింది. తర్వాత, ఎప్పుడూ మాట్లాడేంత నెమ్మదిగానే మాట్లాడింది.

"పంతొమ్మిదేళ్లప్పటి నుంచీ వస్తాననే అంటున్నాను కదా నాన్నా."

"వినపడలేదు" అన్నాను. "గట్టిగా చెప్పు."

అది నా చెవి దగ్గరికి జరిగి, కొట్టం అదిరిపోయేలా అదే మాట మళ్లీ చెప్పింది. క్లెటస్ కాఫీ కప్పులు పట్టుకుని, ఏమైందమ్మా అంటూ గబగబా వచ్చాడు.

మొదటిసారే వినపడింది నాకు. ఇంకోసారి వినాలనిపించింది.