చదవని రెండు వచనాలు

అహరోను చర్చి గుడిల బైబిలు వాక్యం చదివితే, చదివింది అక్కడికి వచ్చేది. మంచిర్యాల పక్కన బొగ్గుబాయి కాలనీల ఇది అందరికీ అలవాటే. జలప్రళయం పాఠమున్న ఆదివారం చెప్పులు కొట్టుకపోకుండ సంచుల్ల వేసుకునేటోళ్లు. మిడతల పాఠమైతే వంటిండ్ల కిటికీలు మూసొచ్చేటోళ్లు. బాయిల పని చేసి రిటైరైన అహరోనే చివరికి చీపురు పట్టి అంతా ఊడ్చేటోడు.

ఆ ఆదివారం పాఠాలు రెండు. మొదటిది, తాను తప్ప ఇంకో దేవుడే లేడని దేవుడు ప్రవక్తతోని పలికించిన అధ్యాయం. రెండోది, దేవతల సభల దేవుడు నిలబడి వాళ్లకు తీర్పు చెప్పే కీర్తన. ఒకటి నిజమైతే రెండోది ఎట్లని అహరోను వారమంతా భయపడ్డడు. పాస్టరు అయ్యగారిని అడిగితే, "రెండూ వాక్యమే, చదువుండ్రి" అన్నడు.

పాట అయిపోతుండంగ కబురొచ్చింది. బాయిల కప్పు కూలింది. లోపల ఇద్దరు చిక్కిండ్రు, బాయికాడికి ఎవ్వరిని రానిస్తలేరు. అహరోను కొడుకు బెంజమిన్, పక్కింటి ఎల్లక్క కొడుకు సిద్ధు.

అయ్యగారు ప్రార్థన చేసి ఇంకో దేవుడే లేడనే మొదటి పాఠం చదువుతరని మైకుల చెప్పిండు. అది విని ఎల్లక్క ఉరుక్కుంట వచ్చి గడప బయట నిలబడ్డది. ఆమె ఎన్నడూ గుడి మెట్లెక్కలే.

"అన్నా, గది సదువకు," అన్నది. "బాయి మూతికాడ మా మైసమ్మ ఉన్నది. నువ్వు సదివితే ఆమె లేకుండ పోతది. పోరగాండ్ల మీద కప్పు ఎవరాపుతరు?"

అహరోను బాయిల దిగినన్ని దినాలు ఆ మైసమ్మ గద్దె దిక్కు చూడకుండ తల తిప్పుకున్నోడు. అయినా మొదటి పాఠం విడిచిపెట్టి, పుటలు తిప్పి కీర్తన అందుకున్నడు.

సభ కూడిందని చదవంగనే ఖాళీ బెంచీలు ఎవరో వచ్చి కూసున్నట్టు ఒక్కొక్కటే కిర్రుమన్నయి. పసుపు వాసన, యాపాకు వాసన కమ్ముకున్నయి. జనం గోడలకు జరిగిండ్రు. తల్లులు పిల్లల కండ్లు మూసిండ్రు. అహరోను తలెత్తలే. బలహీనులను కాపాడుండ్రి, దిక్కులేనోళ్లను విడిపియ్యుండ్రి అని దేవుడు ఆ సభను గద్దించే చోటు చదివిండు. ఆ గొంతు తనది కాదనిపించింది. బెంచీలన్నీ ఒక్కపారే ఖాళీ అయినయి.

కొంతసేపటికి ఎల్లక్క ఫోను మోగింది.

"ఇద్దరిని పానంతోని బయటికి తీసిండ్రట అన్నా," అని బాయి దిక్కు ఉరికింది.

అప్పుడు బెంచీలు మళ్ల కిర్రుమన్నయి. పోయినోళ్లు తిరిగొచ్చి కూసున్నరు. తీర్పు ఇంకా ఉన్నది. మీరు దేవతలే అయినా మనుషుల లెక్కనే చస్తరని చెప్పే రెండు వచనాలు.

"ఆపిండ్రేంది? మిగిలింది చదువుండ్రి," అన్నడు అయ్యగారు, చెమట తుడుచుకుంట.

ముందు బెంచీల ఎవరో ఊపిరి బిగబట్టిండ్రు.

"కండ్లు కనబడ్తలేవు అయ్యగారూ," అన్నడు అహరోను. గుడిల ఆయన ఆడిన మొదటి అబద్ధం. పుస్తకం మూసి ఇచ్చేసిండు. మళ్ల ఎన్నడూ చదవలే.

ఆ అబద్ధం నిలబెట్టుకునేటందుకు తడుముకుంట బయటికి వచ్చి మెట్లు దిగబోతుంటే గాజుల చెయ్యొకటి ఆయన మోచేయి పట్టుకున్నది. పసుపు పూసిన చెయ్యి, కాలే బొగ్గులెక్క వేడిగ ఉన్నది. ఎవరని తిరిగి చూసే ధైర్యం ఆయనకు రాలే. ఆ చెయ్యి దించినట్టు ఒక్కో మెట్టు దిగిండు.