ఎందుకని అడగని ముప్పై ఏళ్లు

మనీలాలో ఒక టీవీ సీరియల్‌కు ఆరేళ్లుగా సహాయ దర్శకురాలిగా పనిచేస్తున్న దలిసాయ్‌కి ఫిల్మ్ స్కూల్లో సీటు వచ్చింది. చేరేదీ లేనిదీ ఆ సాయంత్రంలోగా చెప్పాలి. ఆ కబురు రెండుసార్లు చదివినా ఆమె మనసులో ఏమీ కదలలేదు.

మధ్యాహ్నం అన్నం తింటూ ముసలి కెమెరామన్ తెరోయ్‌ని అడిగింది.

"బాబాయ్, మీరు ఏ స్కూలుకీ వెళ్లకుండానే నేర్చుకున్నారుగా. నాకు మాత్రం అవసరమా?"

"పిచ్చిపిల్లా! కెమెరా ఎక్కడ పెట్టాలో ముప్పై ఏళ్లుగా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. అక్కడే ఎందుకని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. అడుగుతూ కూర్చుంటే షూటింగ్ సాగేదా?" అంటూ ఆయన చేపముల్లు తీసి పక్కన పెట్టాడు.

దలిసాయ్ ఫోన్ తీసి, చేరతానని జవాబు పంపింది. గుండె కాస్త తేలికపడుతుందనుకుంది. పడలేదు. చెయ్యి కడుక్కుని, తరువాతి సీనులో ఏడవాల్సిన నటిని పిలవడానికి వెళ్లింది.