కరెంటొస్తే లేచే కంప్యూటర్

"కరెంటొచ్చీసింది. భవాని లేచింది. బేగి ఎల్లమ్మీ," అంది మా అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

రెండు రోజులుగా నాకు జ్వరం. పోపు మాడకుండా చూసుకుంటూ గోడ పట్టుకుని నిలబడ్డాను. ముందుగదిలోని మా జిరాక్సు షాపులో, ఎవరూ ముట్టుకోని కంప్యూటర్ తనంతట తాను గుర్రుమంటూ వెలిగింది. లంబసింగిలో పొద్దెక్కినా మంచు విడదు. ఆ మసక గదిలో తెర వెలిగితే ఖాళీ కుర్చీలో ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది.

గంగాభవాని మా ఆయన మొదటి భార్య. ఆవిడ పోయాకే నన్ను చేసుకున్నాడు. ఇప్పటికీ ఆ కంప్యూటర్‌ని ఆవిడే తన చేత్తో ఆన్ చేస్తోందని ఇంట్లో అందరూ మామూలుగా చెప్పుకుంటారు. "జొరంతో ఒళ్లు కాలిపోతన్నా కుర్చీ దిగనేదు. అందరి పింఛను కాయితాలూ పూర్తి సేసే పడిపోనాది. మంచి మనిషి," అంటుంది అత్తగారు. అని నన్ను ఎగాదిగా చూస్తుంది. నాకు భవాని కంటే ఆ చూపంటేనే భయం.

కంప్యూటర్ ఈ మధ్య మరీ మొరాయిస్తోంది. పేజీ తెరుచుకోదు, వచ్చినవాళ్ల విసుగంతా నా మీదే. కొత్తది కొనమంటే ఆయన వినలేదు. "పాతదానికే ఏటో ఒకటి ఏయించీద్దాం. దానంతటది లేచి కూసునే మిషను ఎవులికుంది?" అని చింతపల్లి నుంచి మెకానిక్ ఫల్గుణని పిలిపించాడు.

ఫల్గుణ మూత విప్పాడు. లోపలి ఫ్యానుకి పొడుగాటి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. నా జుట్టు అంత పొడుగుండదు.

"దీన్లో దెయ్యం నేదు మేడమ్," అన్నాడతను శుభ్రం చేస్తూ. "కరెంటు రాగానే ఆన్ అయ్యేలా సెట్టింగు పెట్టమని అప్పట్లో భవానమ్మే నన్నడిగింది. పొయ్యి కాడ్నుంచి వచ్చేసరికి ఇది రెడీగా ఉంటే, ఓ గుక్క టీ కూసుని తాగొచ్చంది."

దెయ్యమనుకున్నన్నాళ్లూ నేనింత భయపడలేదు. ఆ టీ ఆవిణ్ణి ఎవరూ తాగనివ్వలేదని నాకు తెలుసు. నన్నెవరు తాగనిస్తున్నారు కనక! ఆ కుర్చీలో కూర్చుని కూర్చుని నేనూ ఆవిడనైపోతున్నాననిపించింది.

"అప్‌గ్రేడ్ సేత్తే ఇంకొన్నాళ్లు లాగుతాది. కొత్తదైతే అందులోనూ ఈ సెట్టింగే పెడతాను. ఏది సెయ్యమంటారు?" అని అడిగాడు ఫల్గుణ.

"పాతదే లాగించు," అన్నాడు మా ఆయన. నాతో, "నువ్వు కూసో, బయట జనం ఉన్నారు," అన్నాడు.

"కొత్తదే తెండి. ఆ సెట్టింగు వద్దు," అన్నాను. "దాని ముందు కూర్చోడానికి జీతమిచ్చి మనిషిని కూడా పెట్టుకోండి. నేను ఆస్పత్రికి వెళ్తున్నాను."

ఆయన నోరు తెరిచేలోగా వంగి, ప్లగ్గు పీకేశాను. తెర ఆరిపోయింది.

"ఇంక లేవకక్కా," అన్నాను.