మడత విప్పిన కాగితం

గిన్నెలు తోముతుండగా మావారు ఒక కాగితం తెచ్చారు. పైభాగం వెనక్కి మడిచి, అడుగున ఖాళీగా ఉన్న చోట బొటనవేలు ఆనించి, "చెయ్యి తుడుచుకుని ఇక్కడో సంతకం పడెయ్యి" అన్నారు. పంతొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో కాగితాలు నాకు మడతల్లోనే అందాయి. "అవన్నీ చదివి బుర్ర పాడుచేసుకోవడం దేనికే?" అంటూంటారు అత్తగారు. ఆ బుర్రతోనే నేను నీటి పరీక్షశాలలో ఉద్యోగం చేస్తున్నానన్న సంగతి, పాప బడి ఫారంలో 'తల్లి వృత్తి' అన్న గడి నింపేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాదు.

పరీక్షశాలలోనూ ఒకసారి అలాగే, నీరు మంచిదన్న నివేదిక మీద చదవకుండా సంతకం పెట్టాను. పై అధికారికి మీటింగు తొందర. నాకు పాపని బడి నుంచి తీసుకురావలసిన తొందర. ఆ వారం ఒక వీధి వీధంతా వాంతులతో ఆసుపత్రి పాలైంది. విచారణలో అడిగిన ప్రశ్న ఒక్కటే: సంతకం ఎవరిది? ఆనాడు నాకై నేను ఒక నియమం పెట్టుకున్నాను. స్వయంగా పరీక్షించని నీటిని మంచిదని రాయను. దానికి నీతి అని పెద్ద పేరు పెట్టను. భయమూ సిగ్గూ కలిసి గట్టిపడితే అదయింది.

నిన్న అదే అధికారి మరో నివేదిక తెచ్చారు. నీరు మంచిదని అప్పటికే టైపై ఉంది. నమూనా సీసాకు వేసిన సీలు ఇంకా అలాగే ఉంది.

"ఆ పైపు మీ వీధికి రాదు కదమ్మా. మీకెందుకంత పట్టింపు?"

సంతకం పెట్టనన్నాను. ఆయన నవ్వారు. "సరే, మీవారితో మాట్లాడతాలే."

ఇప్పుడు చెయ్యి తుడుచుకుని, మావారి చేతిలోని కాగితం అందుకుని, మడత విప్పాను. అత్తగారి అనారోగ్యం వల్ల ఉద్యోగం స్వచ్ఛందంగా మానుకుంటున్నానని నేనే రాసినట్టుగా మావారు రాశారు. 'స్వచ్ఛందంగా' కింద గీత కూడా గీశారు.

"మీ ఆఫీసరు ఫోన్ చేశాడు. గొడవ పెద్దది కాకముందే పరువుగా తప్పుకో. అంతలా చదవడానికి ఏముంది అందులో?"

"సంతకం పెట్టను. రేపు పెందలాడే వెళ్లాలి. ఆ సీసా నేనే తెరవాలి."

"అంటే, నా మీద నమ్మకం లేదా?"

ఇన్నేళ్లలో వేల సీసాలు పరీక్షించాను. ఏ సీసాలో నీళ్లూ నన్ను ఆ మాట అడగలేదు.