కట్ట మీది తాడు

ధూల్‌పేటలో గుండయ్య కల్లు దుకాణానికి మంచి పేరుండేది. ఆ పేరంతా ఆయన భార్య కాశమ్మ నాలుకదే. ఒక్క గుక్క తాగి, అది ఏ ఊరి వనం నుంచి దిగిందో చెప్పేది. ఎండాకాలంలో కాచిగూడలో రైలెక్కి, ఊరూరా దిగి, చెట్ల కిందే కల్లు రుచి చూస్తూ జడ్చర్ల దాకా పోవాలని ఆమె ఎన్నాళ్ల నుంచో అనేది. దుకాణం వదిలి కదిలే వీలే దొరకలేదు. ఆ ఏడు వానల్లో కలరా వచ్చి కాశమ్మ పోయింది.

మరుసటి ఎండాకాలం గుండయ్య ఆ ప్రయాణానికి సిద్ధమయ్యాడు. కాశమ్మ తమ్ముడు బాలకిషన్ తోడు వస్తానన్నాడు. మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు.

"ముందుగాల షాద్‌నగర్ల దిగుదాం బావా. ఎల్లయ్య వనం మస్తుంటదట."

"ఎల్లయ్యదా? వద్దు. కాసి...ంత చేదు" అన్నాడు గుండయ్య.

బాలకిషన్ ఉలిక్కిపడ్డాడు. ఆ సాగదీత అచ్చంగా తన అక్కది.

"నువ్వు గాడ ఎప్పుడు తాగినవ్ బావా?"

"తాగలే. ఇగ జడ్చర్లల చెరువు కట్ట మీద పోతుతాడు చెట్టొకటి ఉన్నది. గది చూడాలె." చెప్పి, గుండయ్య తన నోటిని తనే తడుముకున్నాడు. "నాకు గా తాడు సంగతే ఎర్కలేదు, బాలకిషన్. మాట దానంతటదే వస్తున్నది."

"సాయిబు తాన తాయెత్తు కట్టించుకుందాం, నడువ్."

"వద్దు. గది గూడ పోతే నాకేం మిగుల్తది?"

వారం తిరగకుండానే జడ్చర్లలో దిగారు. కల్లు గీసే అంజన్నను కట్ట మీది తాడు గురించి అడిగారు.

"గదా? నిరుడు వానల్ల పిడుగు పడ్డది. మీకెవరు చెప్పిన్రు?" అంటూనే అంజన్న వాళ్లను కట్ట మీదికి తీసుకుపోయాడు. తల లేని నల్లటి మొద్దు ఒంటరిగా నిలబడి ఉంది.

గుండయ్య దాని కింద నిలబడి కళ్లు మూసుకున్నాడు. గొంతు కదిలింది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"తియ్యగున్నది కాశీ" అన్నాడు మెల్లగా.

ఆయన మీసాల మీద తెల్లటి నురగ చూసి బాలకిషన్ వెనక్కి తగ్గాడు. పొద్దుట్నుంచి బావ చుక్క ముట్టలేదు. ఆ సాయంత్రపు బండికే బాలకిషన్ ఒక్కడూ పట్నం వెళ్లిపోయాడు.

తర్వాత అంజన్న వేరే చెట్ల కల్లు తాటాకు రేకలో పోసి ఇచ్చాడు. గుండయ్యకు అంతా నీళ్లలాగే అనిపించింది. కాశమ్మ మాట కూడా మళ్లీ నోటికి రాలేదు.

దుకాణంలో రుచి చూసే పని బాలకిషన్‌ది అయింది. గుండయ్య మాత్రం ప్రతి ఎండాకాలం జడ్చర్ల పోయి, ఆ మొద్దు కింద పొద్దుగూకేదాకా కూర్చుని వచ్చేవాడు. అక్కడ ఏమైందని బాలకిషన్ ఏనాడూ అడగలేదు.